పక్కింటి పెద్దాయన గురించి నేనేం చెప్పగలను?

ప్రశ్న:

అక్కా, నమస్తే. మాది తెనాలి. 11 ఏళ్ళుగా న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉంటున్నాం. మా పక్కిల్లు ఒక యూదు కుటుంబానిది. ఆ ఇంటి పెద్దాయన మూడు వారాల క్రితం పోయారు. 84 ఏళ్ళు. హైస్కూల్లో లెక్కల టీచరుగా చేసి రిటైరయ్యారు. భార్య, ఇద్దరు కొడుకులు, ఒక కూతురు, బోలెడంత మంది మనవలు. శుక్రవారం సాయంత్రమైతే ఆ ఇల్లు పిల్లలతో కళకళలాడిపోయేది. మా బాబుకి ఇప్పుడు తొమ్మిదేళ్ళు. వాడికి ఆయనంటే ప్రాణం. వాళ్ళ మనవలు "జేడీ" అని పిలుస్తుంటే వీడు "తాత" అనేవాడు. వీడి దగ్గరే "తాత" అని తెలుగులో రాయడం నేర్చుకుని, ప్రతి పుట్టినరోజు కార్డు మీదా ఆ రెండక్షరాలు రాసి ఇచ్చేవారు.

ఆయన పోయినప్పుడు మా అత్తగారు ఇక్కడే ఉన్నారు. బాబు ఒడుగుకి ముహూర్తం పెట్టుకున్నాం, ఇప్పుడు చావింటికి వెళ్ళడమేమిటి, మైల అన్నారు. నేను వెళ్ళలేదు. మావారొక్కరే శ్మశానానికి వెళ్ళొచ్చారు. మామూలు చెక్కపెట్టె, పూలు లేవు, కొడుకులే పారలతో మట్టి వేశారని చెప్పారు. అక్కడే ఇంకో సంగతి తెలిసింది. చనిపోయినవాళ్ళకి స్నానం చేయించి బట్టలు తొడిగే వాలంటీర్ల బృందంలో ఆయన 30 ఏళ్ళకు పైగా పనిచేశారట. ఇన్నేళ్ళలో మాతో ఒక్కసారైనా అనలేదు.

ఏడు రోజులూ వాళ్ళింటికి జనం వస్తూనే ఉన్నారు. నేను కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. నిన్న వాళ్ళమ్మాయి వచ్చి, ఆదివారం 30వ రోజు, అందరం కలుస్తున్నాం, నాన్న గురించి నువ్వు 5 నిమిషాలు మాట్లాడాలి అంది. వెళ్ళని దాన్ని, ఏ ముఖం పెట్టుకుని మాట్లాడను? వాళ్ళ మతం గురించి నాకేమీ తెలియదు. తప్పు మాట్లాడితే? ఆ మాటకొస్తే ఆయన గురించి కూడా పెద్దగా తెలియదు. బాబు పుట్టిన కొత్తలో తెల్లవారుజామున పాలిస్తూ కూర్చుంటే, ఆయన చలిలో కారు అద్దం మీద మంచు గీక్కుంటూ కనపడేవారు. శనివారం తప్ప రోజూ. సంక్రాంతికి పులిహోర, పళ్ళు తీసుకెళ్తే అరటిపళ్ళు మాత్రం తీసుకుని, పులిహోర నవ్వుతూ వద్దనేవారు. ఇవి పదిమందిలో చెప్పే మాటలా? ఏం చెప్పాలి, ఏం తీసుకెళ్ళాలి? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

ఒక చెల్లి, ఎడిసన్

జవాబు:

చెల్లీ,

"ఇవి చెప్పే మాటలా?" అని నువ్వు తోసిపారేసిన చోటే నేను ఆగిపోయాను. కారు అద్దం మీద మంచు. అక్కడే మొదలుపెడతాను, మిగతావి తర్వాత.

శనివారం తప్ప రోజూ, అంత చలిలో, తెల్లారకముందే, 70 దాటి రిటైరైన మనిషి ఎక్కడికి వెళ్తాడు? ఆఫీసు లేదు, బడి లేదు. వాళ్ళమ్మాయిని ఒక్కమాట అడిగి చూడు. నాకు మాత్రం ఒకటే తోస్తోంది, వాళ్ళ ప్రార్థనామందిరమైన సినగాగ్‌లో పొద్దుటి ప్రార్థనకి. శనివారం వాళ్ళకి షబ్బాత్, విశ్రాంతి దినం. నియమంగా ఉండే ఇళ్ళలో ఆ రోజు కారు తీయరు, నడిచే వెళ్తారు. అందుకే ఆ ఒక్క రోజూ నీకు మంచు గీకే చప్పుడు వినపడలేదు.

ఆ ప్రార్థనకి ఒక లెక్క ఉంది. పదిమంది ఉండాలి. మిన్యాన్ అంటారు దాన్ని. పాత నియమాలు గట్టిగా పాటించే ఆర్థడాక్స్ శాఖ సినగాగ్‌లలో 13 ఏళ్ళు నిండిన మగవాళ్ళు పదిమంది. కన్సర్వేటివ్, రిఫార్మ్ శాఖల సినగాగ్‌లలో ఆడవాళ్ళనీ ఆ లెక్కలో కలుపుకుంటారు. పదిమంది లేకపోతే కొన్ని ప్రార్థనలు చెప్పకూడదు. వాటిలో కడ్డిష్ ఒకటి. తల్లో తండ్రో పోయినవాళ్ళు 11 నెలల పాటు రోజూ చెప్పేది అదే. భాష అరామిక్, చాలా పాతది. అందులో చావు అన్న మాటే ఎక్కడా రాదు. దేవుణ్ణి కీర్తించడం, చివర్లో శాంతి కోరుకోవడం, అంతే. దుఃఖంలో ఉన్న మనిషి లేచి నిలబడి అది చెబుతుంటే చుట్టూ ఉన్నవాళ్ళు ఆమేన్ అంటూ ఉండాలి. ఇంట్లో ఒక్కడే కూర్చుని చెప్పుకుంటే చెల్లదు.

మోయడానికి నలుగురు కావాలంటాం మనం. వాళ్ళకి దుఃఖపడే మనిషి పక్కన నిలబడడానికి పదిమంది కావాలి. పండగ రోజు సరే, జనవరిలో ఏ మంగళవారమో తెల్లవారుజామున ఆ పదిమంది ఎక్కణ్ణించి వస్తారు? తొమ్మిదిమంది వచ్చి కూర్చుంటారు. ఒకరు ఫోన్ పట్టుకుని తెలిసిన నంబర్లన్నిటికీ చేస్తుంటారు. కిందటి వారమే నాన్నని మట్టిలో పెట్టి వచ్చిన కుర్రాడు, ఆఫీసుకి టైమవుతోందని గడియారం వైపు, ఇంకా ఎవరైనా వస్తారేమోనని తలుపు వైపు చూస్తుంటాడు. అప్పుడు తలుపు తోసుకుని, టోపీ మీద మంచు దులుపుకుంటూ పదో మనిషి లోపలికి వస్తాడు. ఆ కుర్రాడు లేచి నిలబడతాడు.

మీ పక్కింటాయన ఆ మంచు గీక్కుంటూ వెళ్ళింది ఎన్నిసార్లో పదో మనిషిగానే అయి ఉంటుంది. తన సొంత మొక్కు కోసం కాదు, ఎవరో ఒకరి నాన్న కోసం, ఎవరో ఒకరి అమ్మ కోసం.

ఇప్పుడు ఆలోచించు. ఆ సమయంలో ఆయన్ని చూసింది ఎవరు? భార్య నిద్రలో ఉండి ఉంటుంది. పిల్లలు ఎప్పుడో పెళ్ళిళ్ళు చేసుకుని వేరే ఊళ్ళలో. సినగాగ్‌లో వాళ్ళకి ఆయన వచ్చాకే తెలుసు. ఇంటి నుంచి బయలుదేరే ఆ పావుగంట, ఆ చీకట్లో, ఆ చలిలో ఉన్న మనిషి నీ ఒక్కదానికే తెలుసు. మిగతా ఎవరి దగ్గరా ఆ బొమ్మ లేదు. వాళ్ళమ్మాయి నిన్ను అడిగింది మర్యాదకి అనుకోకు.

నాకీ సంగతి ఎలా తెలిసిందో చెబుతాను. నేను అమెరికా వచ్చిన కొత్తలో నాతో పనిచేసే ఆవిడ నాన్న పోయారు. ఏడు రోజులు ఇంట్లో కూర్చుంటారు, షివా అంటారు, వెళ్ళి పలకరించాలి అని ఆఫీసులో ఎవరో అన్నారు. అంతకుమించి ఎవరినీ ఏమీ అడగకుండా పెద్ద పూలగుత్తి కొనుక్కుని వెళ్ళి బెల్లు కొట్టాను. తలుపు తీసే ఉంది. షివా జరిగే ఇంటి తలుపు తీసే ఉంచుతారు, దుఃఖంలో ఉన్నవాళ్ళు లేచొచ్చి అతిథిని ఆహ్వానించే పని పడకూడదని. నేను బెల్లు కొట్టడంతో ఆవిడే లేచి రావలసి వచ్చింది. నా చేతిలో పూలు. వాళ్ళు చావుకి పూలు పెట్టరు. అద్దాల మీద గుడ్డలు కప్పి ఉన్నాయి. ఆవిడ చొక్కా కాలరు దగ్గర చింపి ఉంది, అది కూడా ఆచారమే. వెళ్ళి ఎత్తు తక్కువ బల్ల మీద కూర్చుంది. నాకు సిగ్గుతో మాట రాలేదు. తర్వాత తెలిసింది, మాట రాకపోవడమే అక్కడ పద్ధతని. దుఃఖంలో ఉన్నవాళ్ళు నోరు విప్పేదాకా వచ్చినవాళ్ళు మాట్లాడకూడదు. బైబిల్లో పిల్లల్నీ ఆస్తినీ పోగొట్టుకున్న యోబు కథ గుర్తుందా? స్నేహితులు వచ్చి ఏడు రోజులు నేల మీద ఆయన పక్కన మాట్లాడకుండా కూర్చుంటారు. షివాకి వెళ్ళేవాళ్ళు అక్కడి నుంచే ఈ పద్ధతి నేర్చుకున్నామంటారు.

ఆ సాయంత్రం ఒక ముసలాయన వచ్చాడు. ఆవిడ వాళ్ళ నాన్నకి చిన్న కిరాణా కొట్టు ఉండేది. అరువు లెక్కల పుస్తకం అక్కడే బల్ల మీద ఉంది. అందులో కొన్ని పేర్ల పక్కన పెన్సిల్‌తో చిన్న చుక్కలున్నాయి. పిల్లలెవరికీ అవేమిటో తెలియదు. ముసలాయన పేజీ తిప్పి ఒక పేరు మీద వేలు పెట్టి, "ఇది మా అమ్మ. చుక్క ఉన్నవాళ్ళని డబ్బు అడగకూడదని మీ నాన్న కొట్లో కుర్రాళ్ళకి చెప్పేవాడు. నేను ఆ కుర్రాళ్ళలో ఒకణ్ణి" అన్నాడు. ఆవిడ ఆ పుస్తకం ఒళ్ళోకి తీసుకుని చుక్కలు లెక్కపెట్టడం మొదలుపెట్టింది. సొంత నాన్న. నలభై ఏళ్ళు ఒకే ఇంట్లో చూసిన మనిషి. ఆయన్ని ఆవిడకి మళ్ళీ కొత్తగా చూపించింది బయటి మనిషే.

నువ్వు ఆదివారం చేయాల్సింది అదే. ఆయన చరిత్ర చెప్పడానికి కొడుకులున్నారు. మతం గురించి చెప్పడానికి రబ్బీ ఉన్నాడు. నీ కిటికీలోంచి నీకు కనపడింది నువ్వు చెప్పు.

ఇక నువ్వు వెళ్ళకపోవడం గురించి. తప్పు జరిగింది, కాదనను. అయితే అత్తగారి మీద కోపం పెట్టుకోకు. ఆవిడ పుట్టి పెరిగిన పద్ధతిలో ఆవిడ మాట్లాడింది. నీకు ఇంకో సంగతి తెలియాలి. మైల అన్న మాట వాళ్ళకీ ఉంది. శవాన్ని తాకితే అశుచి అని వాళ్ళ ధర్మశాస్త్రమూ చెబుతుంది. యాజకుల వంశం వాళ్ళు, కోహెన్‌లంటారు, ఈ రోజుకీ దగ్గరి బంధువులదైతే తప్ప శ్మశానంలో అడుగు పెట్టరు. శ్మశానం నుంచి వస్తే ఇంట్లోకి రాకముందే చేతులు కడుక్కుంటారు. మనం గుమ్మం బయట కాళ్ళు కడుక్కోమూ, అలాగే. కానీ అదే శాస్త్రం ఇంకో మాట కూడా చెప్పింది. దారిలో దిక్కులేని శవం కనపడితే, పూడ్చేవాళ్ళు ఎవరూ లేకపోతే, సాక్షాత్తూ ప్రధాన యాజకుడైనా సరే తన శుద్ధి నియమం పక్కనపెట్టి స్వయంగా పూడ్చాలి. అనాథ ప్రేత సంస్కారం కోటి యజ్ఞాలతో సమానమని మన పెద్దవాళ్ళు అనలేదూ? మీ అత్తగారికి ఈ మాట చెప్పు. ఆయన 30 ఏళ్ళు ఏం చేశాడో చెప్పు. ఆవిడకి నీకంటే నాకంటే బాగా అర్థమవుతుంది.

ఆయన చేసిన ఆ పని గురించి కూడా కొంచెం తెలుసుకుని వెళ్ళు. ఆ బృందాన్ని హెవ్రా కడిషా అంటారు, పవిత్ర సంఘం అని అర్థం. మగవాళ్ళకి మగవాళ్ళు, ఆడవాళ్ళకి ఆడవాళ్ళు చేస్తారు. ఫోన్ వస్తే అర్ధరాత్రయినా వెళ్తారు, ఎందుకంటే వీలైతే ఒక రోజులోపే ఖననం జరిగిపోవాలి. శరీరమంతా గుడ్డ కప్పి ఉంచి, కడుగుతున్న భాగం మాత్రమే తెరుస్తారు. శవం మీదుగా ఒకరికొకరు ఏ వస్తువూ అందించుకోరు, చుట్టూ తిరిగి వెళ్ళి ఇస్తారు. కబుర్లు ఉండవు. ధార తెగకుండా నీళ్ళు పోస్తారు. తర్వాత తెల్లటి నూలు బట్టలు గానీ నార బట్టలు గానీ తొడుగుతారు. వాటికి జేబులుండవు. ఉన్నవాడికీ లేనివాడికీ అవే బట్టలు, అదే చెక్కపెట్టె. దాదాపు 1900 ఏళ్ళ కిందట రబ్బన్ గమలియేల్ అనే గొప్ప పెద్ద, తనని మామూలు నార బట్టలతోనే పంపమన్నాడట. అప్పట్లో చావు ఖర్చు భరించలేక బీదవాళ్ళు శవాల్ని వదిలేసి పారిపోయే పరిస్థితి ఉండేదట. ఆయనే అలా వెళ్ళేసరికి అందరూ అదే పాటించారు. అన్నీ అయ్యాక ఆ చనిపోయిన మనిషిని పేరుపెట్టి పిలిచి, మా వల్ల నీ గౌరవానికి ఏ లోటు జరిగినా క్షమించు అని అడుగుతారు.

ఈ సేవకి వాళ్ళు పెట్టుకున్న పేరు హెసెద్ షెల్ ఎమెత్, నిజమైన దయ. బతికున్నవాడికి చేస్తే ఎప్పుడో ఒకప్పుడు తిరిగి చేస్తాడేమోనన్న ఆశ మనసులో ఏ మూలో ఉంటుంది. పోయినవాడు థాంక్స్ కూడా చెప్పలేడు. అందుకే ఆ పని చేసేవాళ్ళు చేశామని చెప్పుకోరు. 11 ఏళ్ళు పక్కింట్లో ఉండి కూడా నీకు తెలియకపోవడం ఆయన నిన్ను పరాయిదానిగా చూసినందుకు కాదు. ఆదివారం నీ మాటల్లో కూడా దాన్ని ఒక్క వాక్యంతో సరిపెట్టు, అదీ వాళ్ళమ్మాయి సరేనంటేనే.

అత్తగారి మాట విని షివాకి రాలేకపోయానన్న విషయం మాత్రం సభలో చెప్పకు. అది నీ బరువు దించుకోవడానికి పనికొస్తుందేమో కానీ, ఆ రోజు నీ బరువు గురించి కాదు. దానికి వేరే చోటుంది, చివర్లో చెబుతాను.

ఏం మాట్లాడాలి? ముందు తెలుగులోనే రాసుకో. ఇంగ్లీషులో మొదలుపెడితే "గొప్ప మనిషి, అద్భుతమైన పొరుగు" లాంటి మాటలే వస్తాయి, అందరికీ అవే వస్తాయి. తెలుగులో నీకు నీ మాట వస్తుంది. ఇలా మొదలుపెట్టొచ్చు: "మా బాబు పుట్టిన ఏడాది నాకు రాత్రిళ్ళు నిద్ర ఉండేది కాదు. మా అమ్మ 13 వేల కిలోమీటర్ల దూరంలో ఉంది. తెల్లవారుజామున వీధి మొత్తం మీద రెండే లైట్లు వెలిగేవి. ఒకటి మా కిటికీ, ఇంకోటి ఆయన వాకిలి." ఆ తర్వాత మంచు. స్క్రేపర్ ఏ చేత్తో పట్టుకునేవారు? తలకి ఏం పెట్టుకునేవారు? ఎప్పుడైనా తలెత్తి నీ కిటికీ వైపు చూశారా, చెయ్యి ఊపారా? గుర్తు తెచ్చుకుని ఉన్నది ఉన్నట్టు రాయి. ఆయన ఎక్కడికి వెళ్తున్నారో నీకు అప్పుడు తెలియదనీ, ఇప్పుడు తెలిసిందనీ చెప్పు. ఆ గదిలో కూర్చున్నవాళ్ళలో ఎవరో ఒకరు ఆయన పదో మనిషిగా వచ్చినందుకే తమ నాన్నకి కడ్డిష్ చెప్పుకున్నవాళ్ళు ఉంటారు. వాళ్ళకి నువ్వు ఇంకేమీ విడమరిచి చెప్పనక్కర్లేదు.

తర్వాత "తాత". ఒక పుట్టినరోజు కార్డు పట్టుకెళ్ళు. 75 ఏళ్ళు దాటిన లెక్కల మాస్టారు పక్కింటి పిల్లాడి దగ్గర రెండు తెలుగక్షరాలు నేర్చుకుని, ఏటా వాటిని తప్పు లేకుండా రాశాడు. కార్డు వాళ్ళ మనవల చేతికివ్వు, చూసి తిరిగిస్తారు. మొదటి ఏడాది కార్డులో ఆ తలకట్టు ఎలా ఉంది, చివరి ఏడాదికి చెయ్యి వణికిందా? ఇవి చూసుకుని వెళ్ళు.

అంతే. రెండు సంగతులు చాలు. 5 నిమిషాలంటే చేతిరాతలో ఒకటిన్నర పేజీ. గొంతు పూడుకుపోతే ఆగు, ఎవరూ తొందరపెట్టరు.

ఎక్కువ పొగుడుతానేమో, తక్కువ పొగుడుతానేమో అన్న భయం కూడా వద్దు. దీనికి వాళ్ళ దగ్గర నియమమే ఉంది. 16వ శతాబ్దంలో యోసెఫ్ కారో రాసిన షుల్హాన్ అరుఖ్ అనే ధర్మశాస్త్ర గ్రంథంలో, పోయినవాళ్ళ గురించి మాట్లాడడం పెద్ద పుణ్యమని చెబుతూనే, ఉన్న గుణాలనే చెప్పాలి, వాటికి రవ్వంత కలిపితే ఫరవాలేదు, మరీ పెంచి చెప్పకూడదు అని ఉంది. ఎంత బాగా ఆలోచించారో చూడు. ప్రేమ ఉన్నచోట కొంచెం ఎక్కువ పడుతుందని వాళ్ళకి తెలుసు.

చిన్న సంగతులు సరిపోతాయా అని ఇంకా అనుమానంగా ఉంటే ఒకటి గుర్తు చేస్తాను. 2018 అక్టోబరు 27న పిట్స్‌బర్గ్‌లో ట్రీ ఆఫ్ లైఫ్ సినగాగ్ మీద కాల్పులు జరిగి 11 మంది చనిపోయారు. వాళ్ళలో ఒక ఫ్యామిలీ డాక్టర్ ఉన్నాడు. కాల్పులు విని, గాయపడ్డవాళ్ళకి సాయం చేద్దామని చప్పుడు వచ్చినవైపే వెళ్ళాడని ఇంటివాళ్ళు చెప్పారు. ఆయన గురించి లోకం గుర్తుపెట్టుకుంది ఏమిటో తెలుసా? ఎప్పుడూ బో టై కట్టుకునేవాడు. ఎయిడ్స్ అంటే డాక్టర్లు కూడా భయపడే రోజుల్లో, తన పేషెంట్ల చేతులు గ్లవుజులు లేకుండా పట్టుకునేవాడు. ఆయన అలా చెయ్యి పట్టుకున్న ఒక పేషెంటే ఆ మాట రాశాడు. డిగ్రీలు, పదవులు ఎవరికీ గుర్తులేవు. గ్లవుజులు లేని చెయ్యి గుర్తుంది.

చేయకూడనివి కొన్ని ఉన్నాయి. "నిండు జీవితం చూశారు, ఇంకేం కావాలి" అనకు. మన దగ్గర అది ఓదార్పే, పండుటాకు రాలిందంటాం, కానీ 60 ఏళ్ళు కాపురం చేసినావిడ ముందు నాకైతే అది ఎప్పుడూ బాగా అనిపించలేదు, ఇక్కడా సరే, తెనాలిలోనూ సరే. అన్ని మతాలూ ఒక్కటే అన్న ఉపన్యాసం కూడా వద్దు. వాళ్ళ మతాన్ని వాళ్ళకే వివరించొద్దు. ముగించేటప్పుడు "ఆత్మకు శాంతి" అంటే ఎవరూ తప్పుపట్టరు, కానీ వాళ్ళు అనేది "ఆయన జ్ఞాపకం దీవెన అగుగాక" అని. బైబిల్లోని సామెతల గ్రంథంలో నీతిమంతుని జ్ఞాపకం దీవెన అన్న వాక్యం నుంచి వచ్చింది. ఇంగ్లీషులో ఆ ఒక్క వాక్యం చెప్పి కూర్చో.

మిగతావి తొందరగా చెప్పేస్తాను. నల్లబట్టలు అక్కర్లేదు. మోచేతులు కప్పే జాకెట్టుతో నూలుచీర, బొట్టు, అన్నీ నీ మామూలుగానే. మగవాళ్ళకి నువ్వు ముందుగా చెయ్యి చాపకు, నియమంగా ఉండేవాళ్ళు పరాయి ఆడవాళ్ళ చెయ్యి తాకరు. మన నమస్కారం అన్నిటికంటే హాయి. మీవారికీ బాబుకీ తల మీద పెట్టుకోవడానికి కిప్పా ఇస్తారు, పెట్టుకోమను. మధ్యలో హీబ్రూలో చదువుతారు, అందరూ లేచినప్పుడు లేవండి. వాళ్ళ మతం గురించి ఏమీ తెలియదని అంత బెంగపడకు. మన గుంటూరు జిల్లాలోనే, చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో, బెనె ఎఫ్రాయిం అని తెలుగు మాట్లాడే యూదు కుటుంబాలున్నాయి. తెనాలికి దూరమేమీ కాదు. తెలుగులో షబ్బాత్ మాటలు వినని వాళ్ళం మనమే, ఆ మాటలు తెలుగుకి కొత్త కావు.

పూలు వద్దు. ఆయన పేరు మీద ఏదైనా సేవాసంస్థకి డబ్బు పంపు, ఏ సంస్థకో వాళ్ళమ్మాయి చెబుతుంది. 18 డాలర్లు, 36, 54, 180, అలా పంపుతారు. హీబ్రూలో ప్రతి అక్షరానికీ ఒక అంకె ఉంటుంది. జీవితం అనే మాటకి ఆ అంకెలు కలిపితే 18 వస్తుంది. నూటపదహార్లు చదివించే మనకి ఇది ఎవరో చెప్పాల్సిన పని లేదు. లెక్కల మాస్టారికి కూడా నచ్చేది.

పులిహోర సంగతి. ఇన్నేళ్ళూ మనసులో చిన్న ముల్లులా ఉండిపోయింది కదా నీకు? ఆయన కోషర్, అంటే యూదుల తిండి నియమాలు, పాటించేవారు. ఏం వండావన్నదొక్కటే కాదు, ఏ గిన్నెలో వండావు, ఏ పొయ్యి మీద వండావన్నది కూడా లెక్కే. మనం మాంసం ముట్టని ఇల్లయినా మన గిన్నెలు వాళ్ళకి కోషర్ కావు. మడి కట్టుకున్న మీ అమ్మమ్మ పక్కింట్లో మంచినీళ్ళు ముట్టకపోతే అది పక్కింటివాళ్ళ మీద చిన్నచూపని నువ్వు అనుకోలేదు కదా. కోయని పండుకి ఏ అడ్డూ లేదు. అందుకే ఆయన నీ పళ్ళెంలోంచి తను తినగలిగింది ఏరి మరీ తీసుకున్నారు, నీ చెయ్యి ఖాళీగా తిప్పి పంపకుండా.

ఆదివారం అయ్యాక కూడా ఒకటుంది. ఏడాదికి వచ్చే వర్ధంతిని యార్‌జైట్ అంటారు. ఆ సాయంత్రం పొద్దుగుంకేటప్పుడు 24 గంటలు వెలిగే కొవ్వొత్తి పెడతారు. ఆ రోజు ఇంగ్లీషు తేదీ ప్రకారం రాదు, హీబ్రూ తేదీ ప్రకారం వస్తుంది. అచ్చం మన తద్దినం తిథిలాగే. వాళ్ళ పంచాంగం కూడా చంద్రుణ్ణి పట్టి నడిచి, సూర్యుడితో సరిపెట్టుకోవడానికి 19 ఏళ్ళలో 7 సార్లు అధికమాసం కలుపుతుంది. ఆ తేదీ ఏమిటో అడిగి, ఇంట్లో క్యాలెండర్ మీద మీ మామగారి తిథి పక్కన రాసిపెట్టుకో. ఆ రోజు వాళ్ళావిడకి ఫోన్ చెయ్యి. తిథి గుర్తుపెట్టుకుని ఫోన్ చేసిన పొరుగువాళ్ళని ఎవరూ మరిచిపోరు.

సమాధి మీద రాయి ఏడాదిలోపు నిలబెడతారు. అప్పుడు నిన్నూ పిలుస్తారు. అక్కడ కూడా పూలు కాదు, సమాధి మీద చిన్న రాయి పెట్టి వస్తారు, వచ్చి వెళ్ళామని గుర్తుగా. బాబుని తీసుకెళ్ళు. ఒడుగు అయ్యాకే కాబట్టి అత్తగారూ కాదనరు. రాయి వాడినే ఎంచుకోనివ్వు. ఆయనా వాడూ ఆడుకున్న పెరట్లో ఉంటాయి కదా, అందులోంచే.

కానీ ఇవన్నీ తర్వాత. ఈ వారంలో, ఆదివారానికి ముందే, ఒక మధ్యాహ్నం వాళ్ళావిడ దగ్గరికి వెళ్ళు. షివా అయిపోయింది కాబట్టి తలుపు వేసే ఉంటుంది, మెల్లగా తట్టు. రాలేకపోయినందుకు క్షమించమని ఒక్కసారి చెప్పు, కారణాలు చెప్పకు. తర్వాత ఆవిడ మాట్లాడేదాకా పక్కన కూర్చో. మాట్లాడకపోతే ఊరికే కూర్చుని రా. పులిహోర వద్దు. అరటిపళ్ళు తీసుకెళ్ళు, విడదీయకుండా, గెల నుంచి కోసిన అత్తం అత్తంగానే.